డీజిలా, పెట్రోలా: పదమూడు కిలోమీటర్ల లెక్క

మా కారు డాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటు పుస్తకం ఉండేది. 2013 ఫిబ్రవరిలో కారు ఇంటికి వచ్చిన రోజు నుంచి, బంకులో డీజిల్ పోయించుకున్న ప్రతిసారీ తేదీ, లీటర్లు, మీటరు మీది అంకె అందులో రాస్తూ వచ్చాను. ఇంట్లోవాళ్లు దీనిని నా పిసినారితనం ఖాతాలో వేసేవారు. కొత్త కారు కొనవలసి వచ్చినప్పుడు మాత్రం షోరూముల్లో ఇచ్చిన రంగు కాగితాలకన్నా ఈ నలిగిన పుస్తకమే ఎక్కువ పనికివచ్చింది. నెలకు 1,500 కిలోమీటర్లు తిరుగుతానన్న నమ్మకంతో అప్పట్లో డీజిల్ కారు కొన్నాను. పన్నెండేళ్ల సగటు తీస్తే అది 700 కిలోమీటర్లకు కాస్త పైన తేలింది.

ఆ రోజుల్లో అలా కొన్నది నేనొక్కడినే కాదు. పెట్రోలు ధర మీద ప్రభుత్వ నియంత్రణను 2010 జూన్‌లోనే ఎత్తివేశారు గాని డీజిల్‌కు సబ్సిడీ కొనసాగింది. 2012లో ఈ రెండింటి మధ్య తేడా లీటరుకు ముప్ఫై రూపాయలు దాటిన రోజులు ఉన్నాయి. నేను కారు కొనే వేళకే, 2013 జనవరి నుంచి, డీజిల్ ధరను నెలకు అర్ధరూపాయి చొప్పున పెంచడం మొదలైంది. 2014 అక్టోబరులో నియంత్రణ పూర్తిగా తొలగిపోయింది. తీసేయబోతున్న పందిరి కింద నీడ చూసుకుని కూర్చున్నానన్నమాట. 2025 చివర్లో నేను ఈ లెక్కలు వేసినప్పుడు హైదరాబాద్‌లో పెట్రోలు 107 రూపాయల చిల్లర, డీజిల్ దాదాపు 96 ఉండేవి. కారు మీద నాకు ఫిర్యాదేమీ లేదు. అందులో ఉన్నది ఆ కాలపు డీజిల్ కార్లలో చాలా వాటిలో కనిపించిన 1.3 లీటర్ల ఫియట్ డీజిల్ ఇంజిను. నన్ను ఒక్కసారి కూడా దారిలో నిలబెట్టలేదు. అంతగా అమ్ముడుపోయిన ఆ ఇంజినునే, బండ్ల పొగకు పరిమితులు పెట్టే బీఎస్-6 నిబంధనలు వచ్చిన 2020 ఏప్రిల్ నుంచి, మారుతి సంస్థ డీజిల్ కార్లతో పాటు పూర్తిగా మానేసింది.

మేముండేది వనస్థలిపురంలో, నా ఆఫీసు తార్నాకలో. నాగోలు, ఉప్పల్ మీదుగా పోతే పదమూడు కిలోమీటర్లు. ఉదయం పూట ముప్పావుగంట పడుతుంది. ఏడాదికి ఇది దాదాపు 6,000 కిలోమీటర్లు. దీనికి తోడు సొంత ఊరు కోదాడకు ఏడుసార్లు పోయిరావడం, అంటే హైవే మీద మరో 2,500. నేను చూసిన చిన్న ఎస్‌యూవీ రెండు ఇంజిన్లతోనూ దొరుకుతుంది కనుక పోల్చడం సులువైంది. కంపెనీ చెప్పే మైలేజీని పక్కనపెట్టి, అదే కారు నడుపుతున్న నలుగురైదుగురిని అడిగి, పెట్రోలుకు ఊళ్లో 12, హైవే మీద 17 అనీ, డీజిల్‌కు 15, 21 అనీ వేసుకున్నాను. ఊళ్లో పెట్రోలు కారుకు కిలోమీటరుకు 8 రూపాయల 92 పైసలు, డీజిల్‌కు 6 రూపాయల 40 పైసలు పడుతుంది; హైవే మీద 6.29, 4.57. ఏడాదికి డీజిల్ మిగిల్చేది సుమారు 19,400 రూపాయలు.

ఇక్కడ ఆగితే డీజిల్‌దే గెలుపు. కాని రెండింటి ఆన్‌రోడ్ ధరల మధ్య తేడా 1,40,000. లైఫ్ ట్యాక్సును బండి ధర మీద లెక్కగడతారు. పైగా తెలంగాణలో ధర పది లక్షలు దాటితే పన్ను శాతమే మారుతుంది, కాబట్టి పెట్రోలు కారు ఆ గీతకు ఇవతల, డీజిల్ కారు అవతల పడితే ఒకే మోడల్ రెండు రేట్ల కిందికి వస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల జీఎస్టీ రెండు ఇంధనాలకూ 18 శాతమే అయినా, తేడాలో పెద్ద భాగం పన్ను కాదు, ఇంజినుదీ దాని పొగ శుద్ధి సామగ్రిదీ. సర్వీసింగుకు, పొగ శుద్ధి కోసం పోయించుకోవలసిన యూరియా ద్రావణానికి, ఐడీవీ (బీమా కోసం బండికి కట్టే విలువ) ఎక్కువైనందుకు పెరిగే బీమాకు కలిపి ఏడాదికి ఆరేడు వేలు తీసేస్తే మిగిలేది 13,000. అదనంగా పెట్టిన సొమ్ము తిరిగి రావడానికి పదకొండేళ్లు కావాలి. ఆ లక్షా నలభై వేలను ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే, కదలకుండా కూర్చున్నా ఏడాదికి 9,800 వస్తాయి. పాత డీజిల్ బండికి మార్కెట్లో కొంత ఎక్కువ ధర పలుకుతుందన్న మాట నిజమే. అయితే ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద 2015లో హరిత ట్రిబ్యునల్ ఆంక్షలు పెట్టిన నాటినుంచి, ఆ ఎక్కువ ధరను నమ్ముకుని లెక్కలు వేసే ధైర్యం నాకు లేదు.

డబ్బు లెక్క ఇలా తేలాక, పర్యావరణం పేరుతోనైనా డీజిల్‌ను సమర్థించవచ్చేమోనని చూశాను. మైలేజీ పాతిక శాతం ఎక్కువ కనుక కార్బన్ కూడా పాతిక శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. డీజిల్ చిక్కనిది, లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తే, లీటరు డీజిల్ నుంచి 2.68 కిలోలు వస్తుంది. నా తిరుగుడికి ఏడాదికి 647 లీటర్ల పెట్రోలో, 519 లీటర్ల డీజిలో కావాలి. గుణించి చూస్తే 1,488 కిలోలు, 1,391 కిలోలు: తేడా వంద కిలోల లోపు, అంటే ఆరు ఏడు శాతం.

అయితే ఇప్పుడు బంకులో మనకు పోస్తున్నది శుద్ధమైన పెట్రోలు కాదు, ఐదో వంతు ఇథనాల్ కలిసిన ఇ20. ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే కాబట్టి మైలేజీ కొంత పడిపోయింది; నేను వేసుకున్న 12, 17 అంకెలు అలా పడిపోయిన తర్వాతివే. లీటరు ఇథనాల్ మండితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ కూడా తక్కువే, సుమారు కిలోన్నర. ఆ పాళ్లలో మళ్లీ లెక్కిస్తే పెట్రోలు కారు పొగగొట్టం నుంచి వచ్చేది 1,385 కిలోలకు దిగుతుంది, డీజిల్‌తో దాదాపు సమానమవుతుంది. ఇథనాల్‌లోని కార్బన్‌ను మొక్క గాలిలోంచే తీసుకుంది కనుక దానిని లెక్కలోంచి తీసేయాలని కొందరు వాదిస్తారు. ఆ వాదాన్ని నేను పూర్తిగా ఒప్పుకోను. ఇథనాల్‌కు ముడిసరుకైన చెరకుకూ వరికీ పెట్టే నీళ్లు, ఎరువులు, తోడే కరెంటు ఎక్కడికి పోతాయి? 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ రైతులు ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని రోడ్డెక్కిన సంగతి గుర్తున్నవారు ఇది ఉచితంగా వచ్చే పచ్చదనమని అనుకోలేరు. ఏదేమైనా, కార్బన్ విషయంలో నాలాంటివాడికి రెండు కార్లూ ఒకటే అని తేల్చుకున్నాను.

పొగ సంగతి వేరు. కార్బన్ డయాక్సైడ్ ఆకాశమంతా పరుచుకుంటుంది. నైట్రోజన్ ఆక్సైడ్లూ మసీ బండి ఎక్కడ ఉంటే అక్కడే పడతాయి. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నా పార్కింగ్ పక్కనే వాచ్‌మన్ కుటుంబం ఉండే గది. ఒక చలికాలం ఉదయం నేను ఇంజిను ఆన్ చేసి, అద్దం మీది మంచు తుడుచుకుంటూ నిలబడితే ఆయన భార్య వచ్చి, “సార్, చాలు చేయంగనే బయటికి తియ్యుండ్రి, పొగంత ఇంట్లకొస్తున్నది” అంది. నాలుగేళ్లుగా నా బండి గొట్టం వాళ్ల తలుపు వైపే తిరిగి ఉందన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టలేదు. డీజిల్ పొగ మనుషులలో క్యాన్సర్‌ను కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012 జూన్‌లోనే నిర్ధారించింది, అంటే నేను ఆ కారు కొనడానికి ఎనిమిది నెలల ముందు.

నాది బీఎస్-4 బండి. ఆ నిబంధన డీజిల్ కారుకు కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లను, 25 మిల్లీగ్రాముల మసిని అనుమతించింది. బీఎస్-6 వాటిని 80కీ 4.5కీ దించింది. పెట్రోలు కారుకు బీఎస్-6లో నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి 60. కాగితం మీద రెండూ దగ్గరకు వచ్చాయి గాని, ప్రయోగశాలలో ఒకలా రోడ్డు మీద ఒకలా నడుచుకునే డీజిల్ ఇంజిన్ల కథ 2015లో ఫోక్స్‌వాగన్ వ్యవహారంతో బయటపడింది. మన దేశంలోనూ ఆ సంస్థ మూడు లక్షలకు పైగా కార్లను వెనక్కు పిలవవలసి వచ్చింది. రోడ్డు మీద నడిపి కొలిచే పద్ధతి మనకు 2023 ఏప్రిల్‌లో వచ్చింది. బండి పాతబడిన తర్వాత దానిని పట్టుకునే సాధనం మాత్రం లేదు. నేను ఏటా చేయించిన పొల్యూషన్ పరీక్షలో డీజిల్ బండికి చూసేది పొగ ఎంత నల్లగా ఉందన్నదొక్కటే. నైట్రోజన్ ఆక్సైడ్లను అసలు కొలవరు. పన్నెండేళ్లూ నా కారు ఆ పరీక్షలో ఉత్తీర్ణమవుతూనే ఉంది.

బీఎస్-6 డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టరుతోనూ ఒక చిక్కు ఉంది. పోగైన మసిని ఫిల్టరు తనంతట తాను కాల్చేసుకోవాలంటే లోపల సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. అది రావాలంటే బండి ఆగకుండా ఇరవై నిమిషాలైనా వేగంగా పోవాలి. మా బావమరిది విజయవాడలో పిల్లల బడికీ కూరగాయల మార్కెట్టుకూ డీజిల్ బండి వాడతాడు. ఏడాది తిరగకుండా డాష్‌బోర్డు మీద ఫిల్టరు దీపం వెలిగింది. సర్వీసు సెంటరువాళ్లు హైవే మీద తిప్పుకురమ్మన్నారు. ఆదివారం పూట ఏ పనీ లేకుండా ఏలూరు దాకా పోయివచ్చి, మిగుల్చుకున్న డీజిల్‌ను అలా తగలేశాడు. చివరకు వాళ్లే మిషను పెట్టి శుభ్రం చేశారు, డబ్బు తీసుకున్నారు. నా లెక్కలో డీజిల్ ఎక్కువ ఆదా చేసేది ఊళ్లోనే. దాని ఫిల్టరు పాడయ్యేదీ, పొగ మనుషుల మీద పడేదీ ఊళ్లోనే.

అలాగని డీజిల్‌ను అందరికీ వద్దని చెప్పను. కోదాడలో విత్తనాల వ్యాపారం చేసే మా పెదనాన్నగారి అబ్బాయి గుంటూరు, సూర్యాపేట, ఖమ్మం తిరుగుతూ ఏడాదికి ముప్ఫై వేల కిలోమీటర్లు దాటిస్తాడు, దాదాపు అంతా హైవే. ఆయనకు ఏడాదికి యాభై వేలు మిగులుతాయి, ఫిల్టరు తనంతట తాను శుభ్రపడుతుంది. డీజిల్ కొనమని నేనే చెప్పాను. ఎలక్ట్రిక్ కారు ఎందుకు కాదని అడిగేవారికి, సెల్లార్‌లో ఛార్జింగ్ పాయింట్ పెట్టుకోవడం గురించి మా అసోసియేషన్‌లో మూడు సమావేశాలు జరిగాయనీ, నాలుగోది వాయిదా పడిందనీ మాత్రం మనవి చేస్తున్నాను.

పెట్రోలు కారే తీసుకున్నాను. పాతదానిని తుక్కుకు ఇస్తే వచ్చేది స్వల్పం, రిజిస్ట్రేషన్ 2028 దాకా ఉంది. సూర్యాపేట నుంచి వచ్చిన ఒకాయన మంచి ధర ఇస్తానంటే అమ్మేశాను. ఎక్కువగా హైవే మీదే తిరుగుతానన్నారు, అది నా మనసుకు కొంత సర్దిచెప్పింది. నోటు పుస్తకం చూసి, బండితోపాటు అది కూడా ఇమ్మని అడిగి తీసుకున్నారు. కొత్త కారును ముందుభాగం వాచ్‌మన్ గది వైపుకు, గొట్టం దారి వైపుకు ఉండేలా పెడుతున్నాను. కొత్త పుస్తకంలో మొదటి ట్యాంకు మైలేజీ 11.4 వచ్చింది, అంటే నా లెక్కకన్నా కిలోమీటరుకు 47 పైసలు ఎక్కువ.