మా విస్టీరియాకి మొగ్గలొచ్చాయి

ఇవాళ పొద్దున్నే కాఫీ కప్పుతో గోడ దగ్గరికెళ్ళి మొగ్గలు లెక్కపెట్టాను. పదకొండు. నాలుగో స్ప్రింగ్ ఇది మా విస్టీరియాకి, మిగతా మూడు స్ప్రింగులూ ఆకులు చూసుకునే గడిపేశాం.

తెలియనివాళ్ళ కోసం, ఇక్కడ ఇంగ్లండులో పాత ఇటుక ఇళ్ళ ముందు మే నెలలో లేత ఊదారంగు పూలు ద్రాక్ష గుత్తుల్లా వేలాడుతుంటాయి, అదే విస్టీరియా. అందులో మాది చైనా రకం తీగ, ఆ రకం 1816లో కాంటన్ నుంచి ఓడెక్కి ఇక్కడికొచ్చింది. రెడింగ్ కి వచ్చిన కొత్తల్లో స్టేషన్ కి నడిచే దారిలో ఒక ఇంటి ముందు ఆ వాసనకి ఆగిపోయి ట్రైన్ మిస్సయ్యాను, అప్పుడే అనుకున్నా సొంత ఇల్లంటూ కొంటే మొదట ఇదే పెట్టాలని.

ముందు ఒక ఫ్రెండ్ ఇచ్చిన గింజలు కుండీలో వేశాను, భలే మొలిచాయి. రెండేళ్ళు పెంచాక తెలిసింది గింజ మొక్క పూయాలంటే పది పదిహేనేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుందని. మనకి టెంక మామిడికీ అంటు మామిడికీ ఉన్న తేడానే కదా, అది ముందే ఎందుకు తట్టలేదో! అప్పుడు వెళ్ళి అంటు మొక్క కొన్నాను, అదీ మే నెలలో పువ్వు మీదున్నదాన్ని, మొదలు దగ్గర అంటు కట్టిన బుడిపె చేత్తో తడిమి చూసి మరీ. కుండీలో రెండు గెలలున్నాయి. నేలలో పెట్టాక ఇక పువ్వన్నదే లేదు.

తీగ మాత్రం ఒక్క వేసవిలో గోడ ఎక్కేసింది. గడియారం ముల్లుకి ఎదురుగా మెలి తిరుగుతూ కట్టిన వైర్లన్నీ చుట్టేసింది (చైనా రకం అలా తిరుగుతుంది, జపాన్ రకం ముల్లు తిరిగే వైపే). వీడియో కాల్ లో అమ్మకి చూపించి ఎంత బాగా పెరిగిందో చూడు అంటే అమ్మ ఒక్క నిమిషం చూసి "ఏమే, దానికి యూరియా గానీ వేస్తున్నావా, చిక్కుడు పాదు ఆకుకి పడితే కాయ కాస్తుందా" అంది. నేను యూరియా వెయ్యలేదు గానీ పక్కనే గడ్డికి లాన్ ఫీడ్ చల్లుతున్నాను, అందులో ఉండేది ఎక్కువగా నైట్రోజనే. విస్టీరియా కూడా చిక్కుడు కుటుంబమే, దానికి కావాల్సిన నత్రజని వేళ్ళ బుడిపెల్లో అదే చేసుకుంటుంది, మనం పైనుంచి ఇంకా పోస్తే ఆకే ఆకు. ఆ కాయలు కూడా చిక్కుడుకాయల్లాగే ఉంటాయి కానీ విషం, గింజలు మరీను, చిన్నపిల్లలున్నవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

లాన్ ఫీడ్ ఆపేసి కొంచెం పొటాష్ వేశాను. ఇంకో తప్పు కటింగ్ లో చేశాను, మొదటి చలికాలం నీట్ గా ఉంటుందని పొట్టి కొమ్మలన్నీ మొదలంటా తీసేశాను, పూత వచ్చేది వాటి మీదే. ఇప్పుడు ఏటా రెండుసార్లు, జులై ఆగస్టుల్లో పొడుగు చిగుళ్ళని ఐదారు ఆకులు ఉంచి, మళ్ళీ జనవరి ఫిబ్రవరిలో అవే కొమ్మల్ని రెండు మూడు కణుపులకి కత్తిరిస్తున్నాను. వచ్చే ఏడాది మొగ్గ కట్టేది వేసవి చివర్లోనే కాబట్టి అప్పుడు నీళ్ళు తగ్గనివ్వను. ఈ కటింగ్ సంగతి చెప్తే అమ్మకి ఆశ్చర్యమే లేదు. మా ఊళ్ళో సంక్రాంతి వెళ్ళాక మల్లెతోటల్లోకి గొర్రెల్ని తోలి ఆకంతా మేపించేవాళ్ళు, కొమ్మలు కత్తిరించేవాళ్ళు, అలా బోసిగా చేస్తేనే ఎండలు ముదిరేసరికి మొగ్గ విరగబడేది. మల్లెకి నీళ్ళు కూడా కొన్నాళ్ళు ఆపేసేవాళ్ళు, దీనికి అది మాత్రం పనికిరాదు.

ఆకు మొగ్గ సన్నగా మొన తేలి కొమ్మకి అంటుకుని ఉంటుంది, పూమొగ్గ లావుగా, మెత్తటి నూగుతో ఉంటుంది. మొన్న మార్చి చివర్లో వేలితో తాకి చూస్తే ఆ నూగు తగిలింది, పక్కింటివాళ్ళకి వినపడేలా అరిచాను.

ఇంతలో ఈ రాత్రికి మైనస్ ఒకటి అంటోంది ఫోన్లో వెదర్. ఇప్పుడు ఫ్రాస్ట్ కొడితే మొగ్గలు నల్లబడి రాలిపోతాయి. సాయంత్రం స్టూల్ వేసుకుని పదకొండిటికీ ఫ్లీస్ (మొక్కలకి చలి తగలకుండా కప్పే పల్చటి గుడ్డ) కప్పి బట్టల క్లిప్పులు పెట్టొచ్చాను, రేపు ఎండ రాగానే తియ్యాలి. అక్కడ అర్ధరాత్రి దాటింది, అయినా అమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది, కప్పావా అని.