రెండు నెలల సెలవు

మా నాయన పోయి మొన్న జూన్‌కి ఏడాది. సంవత్సరీకానికి పిల్లలిద్దరినీ తీసుకొని డాలస్ నుంచి కడపకు పోయి వచ్చాను, వచ్చిన దగ్గర్నుంచి ఆయన గురించి రాయాలని ఉంది. ఇక్కడ పిల్లల్ని పెంచే మాలాంటి వాళ్లందరికీ ఒక భయం ఉంటుంది కదా, ఏడాదికి ఐదారు వారాలు కనబడే తాతకు, అవ్వకు వీళ్లు ఎప్పటికైనా దగ్గరవుతారా అని. ఆ భయం నాకు పోగొట్టింది ఆయనే.

ఎందుకంటే ఆయనకు అది అలవాటే. 1962 చైనా యుద్ధం అయిన మరుసటి ఏడాది ఆర్మీలో చేరాడు. సికింద్రాబాద్‌లో ఈఎంఈ సెంటర్‌లో ట్రైనింగ్. బండ్లు, ట్యాంకులు, తుపాకులు బాగుచేసే విభాగం అది, "కర్మ్ హి ధర్మ్" వాళ్ల నినాదం. అక్కణ్ణుంచి పఠాన్‌కోట్, జబల్‌పూర్, ఇంకా ఎక్కడెక్కడికో. నాకు తొమ్మిదేళ్లు వచ్చేదాకా నాయన అంటే ఏడాదికి రెండు నెలల సెలవు, మిగతా పది నెలలు ఇన్‌లాండ్ లెటర్. ఆ రెండు నెలలూ మమ్మల్ని ఊరికే ముద్దు చేస్తూ కూర్చునేవాడు కాదు. సైకిల్ మొత్తం విప్పి వాకిట్లో పరిచి, బాల్‌రస్సులు నా చేతే కిరోసిన్‌లో కడిగించి, మళ్లీ బిగించేవాడు. సెలవు అయిపోయి ఆయన రైలెక్కాక కూడా నా చేతులకు ఆ కిరోసిన్ వాసన ఉన్నట్టే ఉండేది.

నా పిల్లలతోనూ అదే చేశాడు, సైకిల్ బదులు ఫియట్.

రిటైరై వచ్చిన డబ్బులో కొంత పెట్టి సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 1100 డిలైట్ అది. 1089 సీసీ ఇంజన్, గేరు స్టీరింగ్ పక్కనే ఉంటుంది. తర్వాత పద్మిని పేరుతో వచ్చింది ఈ బండే. ఊళ్లో అందరూ మారుతీలు కొంటున్నా ఆయన దీన్ని వదల్లేదు, చాలామంది అమ్మేయమన్నారు, నేనూ ఒకసారి అన్నాను, ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంది.

మావాడికి పదేళ్లప్పుడు ఒక జూన్‌లో ఆ బండిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతున్నాం. పాలకోవా కొనుక్కొని రావాలని ప్రయాణం. రెండు మలుపులు తిరిగామో లేదో ఇంజన్ దగ్గి ఆగిపోయింది. ఎండ మండిపోతోంది, వెనక లారీలు హారన్లు, నాకు ఒకటే టెన్షన్. నాయన మాత్రం నిదానంగా దిగి బానెట్ ఎత్తాడు. మెడ మీది తువ్వాలు తీసి, బాటిల్‌లో నీళ్లతో తడిపి, మావాడి చేతికిచ్చి, "ఆ గుండ్రంగా ఉండేదాని మీద చుట్టు అబ్బీ, పక్కన సైలెన్సర్ గొట్టం కాలతాంటాది, చూసుకో" అన్నాడు. అది ఏసీ పంప్, ట్యాంక్ నుంచి పెట్రోల్ లాగేది. ఈ వేడికి పెట్రోల్ లోపలే ఆవిరి అయిపోతుంది, పంపు పెట్రోల్‌ని తోయగలదు గానీ ఆవిరిని తోయలేదు, అందుకే చల్లబరచాలి అని వాడికి విడమరిచి చెప్పాడు. తువ్వాలు మీద నుంచి సన్నగా పొగలు లేచాయి. వాడు కళ్లార్పకుండా చూస్తున్నాడు. పదిహేను నిమిషాలకు బండి స్టార్టయింది. "ఆవిరి" అనే మాట వాడికి అక్కడ వచ్చింది. ఇక్కడ నేను ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడల్లా ఇప్పటికీ అంటాడు, "అమ్మా, ఆవిరి" అని.

ఇక్కడ ఆదివారం తెలుగు బడికి నాలుగేళ్లు పంపాను. వాళ్లను తప్పుపట్టడం లేదు, పాపం సొంత టైం పెట్టి చెప్తారు. కానీ అక్కడ వీళ్లకు వచ్చినవన్నీ పేర్లు, ఏనుగు, ఒంటె, ఔషధం. నాయన దగ్గర వచ్చినవి పనులు. బిగించు, వదులు చెయ్యి, తుడువు, తడుము, ఇనుకో. మా పాప అయితే పానాల సైజులు కళ్లు మూసుకొని చెప్పేది. అదొక ఆట వాళ్లకు, కళ్లకు గంతలు కట్టించి చేతిలో పానా పెట్టేవాడు, పదా పన్నెండా చెప్పాలి.

ఆ ఆట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు కూడా చాలా ఆలస్యంగా తెలిసింది. మావాడు ఒకరోజు సూటిగా అడిగేశాడు, "తాతా, యుద్ధంలో నువ్వు ఎవరినైనా చంపావా?" అని. నేను కసరబోయాను, నాయన చేత్తోనే ఆపాడు. "నేను లారీలు రిపేరు చేసినా అబ్బీ" అన్నాడు. 1971 డిసెంబర్‌లో ఆ పదమూడు రోజులూ రాత్రిపూట లైటు వెయ్యకూడదు, వేస్తే విమానాలకు కనబడుతుంది. శక్తిమాన్ లారీల కింద పడుకొని, చలికి మొద్దుబారిన వేళ్లతో నట్టు ఎక్కడుందో తడుముకుంటూ బిగించాల్సిందే. అంతవరకే చెప్పాడు. నాకైతే ఆ మాత్రం కూడా ఎప్పుడూ చెప్పలేదు, నేను అడగనూ లేదు.

ఆ నవంబర్ 11న మావాడి స్కూల్లో వెటరన్స్ డే. ఇంట్లో మిలిటరీలో పనిచేసిన వాళ్లెవరైనా ఉంటే ఫోటో తెమ్మన్నారు. వేరే దేశం సైన్యం కదా, పెట్టుకుంటారో లేదో అని నేను వెనకాడాను, వాడు నన్ను అడక్కుండానే తాత ఫియట్ పక్కన నిలబడిన ఫోటో ప్రింట్ తీసుకొని పోయాడు. టీచర్ గోడమీద పెట్టిందట. పిల్లలంతా కారు గురించే అడిగారట, వీడు ఏసీ పంప్ గురించి చెప్పొచ్చాడు. ఆ రాత్రి వీడియో కాల్‌లో అదంతా విని నాయన ఏమీ మాట్లాడలేదు, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఆయన పోయినప్పుడు నేను చేరేసరికి మూడో రోజు. దాని గురించి ఇంకా రాయలేను.

ఆర్మీలో బండికి లాగ్‌బుక్ ఉంటుంది కదా, ఆ అలవాటుతో ఫియట్‌కూ ఒక పుస్తకం పెట్టాడు. తేదీ, కిలోమీటర్లు, పోసిన పెట్రోల్, చేసిన పని, అంతా తెలుగులో, గుండ్రటి అక్షరాలతో. మొన్న సంవత్సరీకం అయ్యాక మావాడు అది పట్టుకొని కూర్చున్నాడు. కూడబలుక్కుంటూ చదువుతుంటే మధ్యలో వాడి పేరు వచ్చింది, "ఈరోజు ప్లగ్గులు అబ్బీ శుభ్రం చేసినాడు" అని. అలాంటివి పదకొండు ఉన్నాయి, లెక్కపెట్టాడు. మరుసటి రోజు మా తమ్ముడు బండి తీస్తే అందరం గువ్వలచెరువు పోయాం, అదే ఘాట్‌లో మళ్లీ ఆగింది. ఇంటికొచ్చాక మావాడు పెన్ను తీసుకొని, కిలోమీటర్లు చూసి వచ్చి, ఖాళీ గీత మీద రాశాడు: "గాట్ లో ఆగినది. తువాలు తడిపి వేసినాను. కదిలింది."