జరం తగ్గింది అనుకున్న రోజే

పోయినేడు బతుకమ్మ ముందల నాకు డెంగీ వచ్చింది. మాది పరకాల దగ్గర పల్లె, ఇంట్లనే జాకెట్లు కుడుత, సంవత్సరం మొత్తంల మాకు గట్టి సీజన్ అంటే ఆ పదిహేను రోజులే, మిషిన్ పక్కన నలభై జాకెట్ల బట్టలు మూటగట్టి ఉన్నయి, గట్ల టైంల జరమొస్తే ఏం జేస్తం, గోలి ఏసుకొని మల్ల మిషిన్ మీద కూసున్న.

రెండో రోజుకు కండ్లెనక ఒకటే నొప్పి, నడుము ఇరిగినట్టయింది. అత్తమ్మ మా ఊర్లె సూదులేసేటాయన్ని పిలిపిచ్చింది. రెండు సూదులు, ఒక గ్లూకోజ్ సీసా. అబద్ధం ఎందుకు, సాయంత్రానికి పానం లేసొచ్చినట్టే అనిపిచ్చింది. అందులో ఒకటి నొప్పి తగ్గిచ్చే డైక్లోఫెనాక్ సూది, డెంగీ అనుమానం ఉన్నప్పుడు అసలు ఇయ్యద్దట, రక్తం కారే ప్రమాదం పెరుగుతదట, పారాసిటమాల్ ఒక్కటే వాడాలట. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినయి.

మూడో రోజు పల్లె దవాఖానకు పోయిన. సిస్టర్ కిట్టు మీద రక్తం చుక్కేసి ఎన్‌ఎస్‌1 పాజిటివ్, అంటే డెంగీ ఉన్నట్టే అన్నది, మొదటి ఐదు రోజులలోపే ఈ పరీక్ష బాగా పట్టుకుంటదట. ప్లేట్‌లెట్ల కోసం ఇంకో ట్యూబ్ తీసి ల్యాబుకు పంపింది, రిపోర్టు ఫోన్‌కే వస్తదని చెప్పింది. ఆ ఫోన్ ఎవరిది? మా ఆయనది. మా ఇంట్ల ఆధార్‌కైనా గ్యాస్‌కైనా బ్యాంకుకైనా అదే నంబర్. ఆయనేమో ట్రాలీ ఆటో ఏసుకొని భూపాలపల్లి దిక్కు కిరాయికి పోయిండు.

ఐదో రోజు పొద్దున జరం లేదు. ఒళ్ళు చల్లగైంది, పీడ వదిలింది అనుకొని నాలుగు జాకెట్లకు చేతులు కత్తిరిచ్చిన. పదకొండు గంటలకు కడుపుల నొప్పి షురువైంది, రెండుసార్లు కక్కిన, చేతులు ఐసు ముక్కలైనయి. అత్తమ్మ మల్ల సూదులాయన్ని పిలుస్తనంటే నేనే వద్దని ఆటో ఎక్కి సిస్టర్ దగ్గరికి పోయిన.

ఆమె ట్యాబ్ తీసి ఈ-సంజీవని ఓపెన్ చేసింది. ఇది సెంట్రల్ గవర్నమెంట్‌ది, మొహాలీల ఉన్న సీ-డాక్ అనే సర్కారు కంప్యూటర్ సంస్థోళ్ళు తయారు చేసిండ్రట, పైసా కట్టేది లేదు, ముందుగాల 2019ల పల్లె దవాఖానల నుంచి పెద్ద డాక్టర్లతోని మాట్లాడుడుకు పెట్టిండ్రు, 2020 లాక్‌డౌన్ల ఇంటికాన్నుంచే మాట్లాడేటట్టు కూడా తెరిచిండ్రు. అదంతా మంచిగనే ఉంది కానీ మా ఊర్లె సిగ్నల్ సంగతి మీకు తెల్వది, బొమ్మ రెండుసార్లు ఆగిపోయింది, ఆఖరికి సిస్టర్ ట్యాబ్‌ను కిటికీ సువ్వలకు ఆనిచ్చి పెడితే అందులో డాక్టరమ్మ కనవడ్డది.

"జ్వరం తగ్గిందని సంబరపడకమ్మా, డెంగీలో జ్వరం దిగాక ఒకట్రెండు రోజులే అసలు జాగ్రత్తగా ఉండాలి" అన్నది. నేను బిత్తరపోయిన. తర్వాత నాతోని కాదు, సిస్టర్‌తోని మాట్లాడుడు మొదలుపెట్టింది. వేలి గోరు గట్టిగ నొక్కి వదులు, రంగు రావడానికి ఎంతసేపు పడుతుందో చూడు అన్నది. సిస్టర్ నొక్కింది. తెల్లగైంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని బయటికే లెక్కవెట్టింది, రెండు దాటొద్దట. బీపీ చూస్తే 98, 80. పైదానికి కిందిదానికి తేడా ఇరవై కూడ లేదు, అంటే రక్తనాళాల నుంచి నీరు కారిపోతుంది, వెంటనే 108 పిలువు, వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రికి పంపు అన్నది. ఎక్కడనో కూసున్న డాక్టరమ్మ నా చెయ్యి పట్టకుండనే ఇది చెప్పింది, కానీ సిస్టర్ ఏలు నా గోరు మీద లేకపోతే ఆ ట్యాబ్ ఏం జేసేదో నాకైతే తెల్వదు.

ప్లేట్‌లెట్ల రిపోర్టు ఏదని అడిగితే మా ఆయనకు ఫోన్ చేసినం. నిన్ననే వచ్చిందట మెసేజ్. లోన్ మెసేజులు, ఆఫర్ మెసేజుల నడుమ పడి ఉంటే చూడలే. 92 వేలు అని సదివిండు, సదివి "తక్కువనా?" అన్నడు.

వరంగల్‌ల నాలుగు రోజులు సెలైన్ మీద ఉన్న. ప్లేట్‌లెట్లు 31 వేలకు పడ్డయి, మా తమ్ముడు ప్లేట్‌లెట్లు ఎక్కియ్యిండ్రి అని లొల్లి వెట్టిండు, రక్తం ఎక్కడా కారుతలేదు కాబట్టి అవసరం లేదని ఎక్కియ్యలే, పీసీవీ అని, రక్తం ఎంత చిక్కబడ్డదో చెప్పే ఇంకో లెక్క మీదనే మాటిమాటికి కన్నేసి పెట్టిండ్రు. వాటంతట అవే పెరిగినయి.

ఇంటికొచ్చినంక సిస్టర్ నా పేరు మీద ఆభా కార్డు తీయవట్టింది, మన దవాఖాన రిపోర్టులన్నీ ఒక్కకాడ ఉండేటందుకు సర్కారు ఇచ్చే పద్నాలుగు అంకెల నంబర్ అది. ఓటీపీ మల్ల మా ఆయన ఫోన్‌కే పోయింది, ఆయన మల్ల కిరాయిల. ఆ రోజు పని కాలే. వారం తర్వాత నా పేరు మీద సిమ్ తీసుకొని ముందుగాల ఆ నంబరే మార్పిచ్చిన.

నెల రోజులు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. సద్దుల బతుకమ్మ నాడు అరుగు మీద కూసొనే చూసిన. తర్వాత రెండు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులు రాలవట్టింది, ఈసారి నా ఫోన్ల నేనే డాక్టర్‌తోని మాట్లాడిన, గట్టి జరం తర్వాత అట్లయితది మల్ల వస్తది అన్నడు, వస్తుంది కూడ. ఆ ఐదో రోజు కత్తిరిచ్చిన నాలుగు జాకెట్లలో మాత్రం ఒకదానికి రెండు చేతులూ ఎడమవే వచ్చినయి, బట్ట పైసలు నేనే కట్టిన.