మొదటి పెయింట్‌బాల్ మార్కర్: కొనేముందు చూసుకోవలసినవి

మా శనివారం పెయింట్‌బాల్ జట్టులోకి కొత్తగా వచ్చినవారు నాలుగు ఆటలు ఆడాక అడిగే ప్రశ్న ఒక్కటే: "అన్నా, మొదటి మార్కర్ ఏది తీసుకోమంటారు?" రంగు నిండిన బంతులను గ్యాస్ ఒత్తిడితో పేల్చే తుపాకీనే మేము మార్కర్ అంటాం. అప్పటికే వీడియోలన్నీ చూసి కొన్ని పేర్లు మనసులో పెట్టుకొని ఉంటారు కాబట్టి, వాటిలో ఒకదానికి నేను సరేనంటే చాలునని వారి ఆశ. నేను మాత్రం ముందుగా ఏ మైదానంలో ఆడబోతున్నారో అడుగుతాను. ఇక్కడ డాలస్ చుట్టుపక్కల గాని, అమెరికాలో మరెక్కడైనా గాని, కొత్తవారికి ఏ మార్కర్ నప్పుతుందో వారు తరచుగా వెళ్లే మైదానమే చాలావరకు నిర్ణయిస్తుంది. అక్కడ ఏ గ్యాస్ నింపుతారు, ఎంత ఒత్తిడి వరకు నింపుతారు, బయటి నుంచి తెచ్చుకున్న బంతులను ఒప్పుకుంటారా లేక అక్కడ అమ్మే పెయింటే, అంటే బంతులే, వాడాలా, బంతి వేగం ఎంత దాటకూడదు, ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్క బంతే రావాలన్న నియమం ఉందా అన్న సంగతులు ఒక్క ఫోన్ చేసి కనుక్కుంటే, చూడవలసిన మార్కర్ల జాబితా బాగా కుదించుకుపోతుంది.

అయితే మార్కర్ కన్నా ముందు మాస్కు కొనాలి. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. మామూలుగా వాడే 0.68 అంగుళాల బంతి బరువు సుమారు 3 గ్రాములు. బయటి మైదానాల్లో సాధారణంగా అనుమతించే గరిష్ఠ వేగం సెకనుకు 300 అడుగులు, అంటే దాదాపు 91 మీటర్లు. క్రికెట్ బంతి ముఖానికి తగిలితే కంటి చుట్టూ ఉన్న ఎముక దెబ్బను కొంత ఆపుతుంది గాని, 17 మిల్లీమీటర్ల ఈ బంతి ఆ ఎముకల నడుమకు దూరి నేరుగా కనుగుడ్డుకే తగలగలదు. కాబట్టి పెయింట్‌బాల్ కోసమే తయారై, ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం వారి ఎఫ్1776 ప్రమాణానికి సరిపోయే మాస్కు తప్ప మరొకటి పెట్టుకోకూడదు. లెన్సు రెండు పొరలుగా ఉండే థర్మల్ రకాన్నే ఎంచుకోండి, ఎందుకంటే ఒంటి పొర లెన్సులకు టెక్సస్ ఉక్కలో ఇట్టే ఆవిరి పడుతుంది, ఆవిరి పట్టినప్పుడు కొత్తవారి చెయ్యి అసంకల్పితంగా మాస్కును పైకెత్తడానికే వెళుతుంది. మనవాళ్లలో కళ్లద్దాలు పెట్టుకొనేవారు చాలామంది కనుక, అంగడికి కళ్లద్దాలతోనే వెళ్లి, మాస్కు తగిలించుకొని, తలను అటూ ఇటూ తిప్పి, కిందికి వంగి చూసుకోవాలి; కణతల దగ్గర అద్దాల కాడ నొక్కుతుంటే ఆ మాస్కును పక్కన పెట్టేయండి. థర్మల్ లెన్సును నీళ్లలో ముంచకూడదు, పొరల మధ్యకు తేమ చేరితే అది ఇక పోదు.

తరువాత ఆలోచించవలసింది గ్యాస్ గురించి. పాత మార్కర్లు ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్ మీద నడిచేవి, ఇప్పటికీ కొన్ని నడుస్తాయి. సిలిండర్ లోపల ఆ వాయువు ద్రవరూపంలో ఉంటుంది. పేల్చినకొద్దీ ద్రవం ఆవిరవుతూ తన చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది, దాంతో సిలిండర్ చల్లబడి ఒత్తిడి పడిపోతుంది. వరసగా పది బంతులు వదిలితే పదో బంతి మొదటిదానంత దూరం పోకపోవడానికి కారణం అదే. ఎండాకాలంలో ఇది తిరగబడుతుంది. 21 డిగ్రీల దగ్గర సుమారు 850 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఉండే ఒత్తిడి వేడితో పాటు పెరుగుతూ పోతుంది, 31 డిగ్రీలు దాటితే కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా నిలవనే నిలవదు. జూలైలో డాలస్ మధ్యాహ్నం 38 డిగ్రీలకు చేరడం మామూలే కనుక, పొద్దున బంతి వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ దగ్గర సెకనుకు 280 అడుగులు చూపించిన మార్కర్ భోజనాల తరువాత 300 దాటితే ఆశ్చర్యపోనక్కరలేదు, అప్పుడు రెఫరీ దాన్ని పక్కన పెట్టించడమూ న్యాయమే.

కంప్రెస్డ్ ఎయిర్ ట్యాంకులో ఈ బాధ ఉండదు. అందులో ఉన్నది మామూలు గాలే. లోపల 3000 పీఎస్‌ఐ ఉన్నా, ట్యాంకు మూతి దగ్గర ఉండే రెగ్యులేటర్ దాన్ని సుమారు 800కు తగ్గించి ఒకే తీరుగా మార్కర్‌కు పంపుతుంది. కొత్తవారికి 48 ఘనపు అంగుళాల, 3000 పీఎస్‌ఐ అల్యూమినియం ట్యాంకు సరిపోతుంది. ఒకసారి నింపితే మార్కర్‌ను బట్టి 400 నుంచి 500 బంతుల దాకా వస్తుంది, ఆట ఆటకు మధ్య మళ్లీ నింపుకోవచ్చు. 68 ఘనపు అంగుళాల, 4500 పీఎస్‌ఐ కార్బన్ ఫైబర్ ట్యాంకు తేలిక, రెట్టింపు బంతులు ఇస్తుంది, కాని మీ మైదానంలో 4500 వరకు నింపే ఏర్పాటు లేకపోతే పెట్టిన అదనపు డబ్బుకు ఫలితం ఉండదు. ఫోన్ చేసి కనుక్కోమన్నది ఇందుకే.

ఇక మార్కర్ విషయం. నా మాట ఏమిటంటే, మొదటిది బ్యాటరీ లేకుండా నడిచే మెకానికల్ మార్కర్ అయి ఉండాలి, దాన్ని మీ అంతట మీరు విప్పి, తుడిచి, తిరిగి బిగించగలగాలి. ఈ కొలతతో చూస్తే రెండు రకాలు ముందుకు వస్తాయి. ఒకటి టిప్‌మన్ 98 కస్టమ్, క్రోనస్ వంటి బ్లోబ్యాక్ మార్కర్లు. ఇండియానాలోని ఫోర్ట్ వేన్‌లో పుట్టిన టిప్‌మన్ సంస్థ తెచ్చిన 98 నమూనా పేరులోనే అది వచ్చిన సంవత్సరం, 1998, ఉంది. ఇన్నేళ్లయినా అద్దె మార్కర్ల బల్లల మీద అదీ దాని వారసులూ కనిపిస్తూనే ఉన్నాయంటే, ఎంత మోటుగా వాడినా తట్టుకుంటాయి కాబట్టే. 98 కస్టమ్‌ను అలెన్ కీలతో విప్పితే శరీరం నిలువుగా రెండు చెక్కలుగా విడిపోతుంది. లోపల వెనక ఒక బరువైన బోల్టు (ముందుకూ వెనక్కూ జారే ముక్క), దాని వెనక స్ప్రింగు, ముందు మరొక తేలిక బోల్టు, రెండింటినీ కలిపే సన్నటి కడ్డీ, నడుమ వాల్వు కనిపిస్తాయి. ట్రిగ్గర్ నొక్కగానే సియర్ అనే చిన్న మీట వెనక బోల్టును వదిలేస్తుంది, అది ముందుకు దూసుకొచ్చి వాల్వును కొడుతుంది, వెలువడిన గాలిలో ఒక భాగం ముందుకు పోయి బంతిని తోస్తుంది, మరొక భాగం ఆ బోల్టును వెనక్కి నెట్టి మళ్లీ సియర్‌కు తగిలిస్తుంది; బ్లోబ్యాక్ అన్న పేరు అందుకే. ఇంత సూటిగా పనిచేసే యంత్రంలో చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. కుదుపు కొంచెం ఎక్కువ, చప్పుడు ఎక్కువ, పలచటి పొర ఉన్న బంతులను అప్పుడప్పుడూ నలిపేస్తుంది. గాలి మీదా నడుస్తుంది, కార్బన్ డయాక్సైడ్ మీదా నడుస్తుంది. క్రోనస్ వంటివి వంద డాలర్ల పైచిలుకుకు దొరుకుతాయి.

రెండవ రకానికి మంచి ఉదాహరణ ఇంగ్లండుకు చెందిన ప్లానెట్ ఎక్లిప్స్ తయారుచేసే ఎమెక్. ఇందులో వాల్వును కొట్టే బరువైన ముక్క లేదు. గాలి ఒత్తిడికి బోల్టే ముందుకూ వెనక్కూ జారుతూ వాల్వు పని కూడా తానే చేస్తుంది. బ్లోబ్యాక్ మార్కర్ల కన్నా చాలా తక్కువ ఒత్తిడితో బంతిని మెత్తగా తోస్తుంది కాబట్టి, మైదానంలో అమ్మే పెళుసు బంతులు కూడా బ్యారెల్ (ముందరి గొట్టం) దాటి క్షేమంగా వెళతాయి. చేతిలో కుదుపు దాదాపు తెలియదు. కాని దీనికి కంప్రెస్డ్ ఎయిర్ తప్ప మరొకటి పనికిరాదు, గాలి కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగులకు గ్రీజు పట్టించడం మరచిపోకూడదు, ధర క్రోనస్‌కు రెట్టింపు పైనే ఉంటుంది. నెలకు రెండుసార్లయినా ఆడతానన్న నమ్మకం ఉన్నవారికి నేను ఎమెక్‌నే చెబుతాను. ఏడాదిలో ఏ రెండు మూడు సార్లో స్నేహితులతో అడవి మైదానంలో ఆడేవారికి టిప్‌మన్ చాలు. ఈ రెండింటికీ విడిభాగాలు సులువుగా దొరుకుతాయన్నది కూడా నా ఎంపికలో పెద్ద కారణమే.

బ్యాటరీతో వేగంగా పేల్చే ఎలక్ట్రానిక్ మార్కర్ల మీద కొత్తవారికి మోజు ఎక్కువ, కాని వాటితో పెయింట్ ఇట్టే అయిపోతుంది. పెయింట్ మామూలుగా 2000 బంతుల పెట్టెగా, 500 చొప్పున నాలుగు సంచులుగా వస్తుంది. సెకనుకు 10 బంతులు వదిలే మార్కర్‌కు ఒక సంచి ఖాళీ కావడానికి 50 సెకన్లు చాలు. పైగా ట్రిగ్గర్ మీద వేలు నిలిపి ఉంచేవారికి కదలడం, చాటు చూసుకోవడం, ఎదుటివారు బంతులు నింపుకొనే క్షణం కనిపెట్టడం అలవాటు కావు. 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్‌లోని హెనికర్‌లో మొట్టమొదటి పెయింట్‌బాల్ ఆట జరిగింది. చెట్లకూ పశువులకూ గుర్తులు పెట్టడానికి వాడే నెల్‌స్పాట్ 007 మార్కర్లతో పన్నెండు మంది ఆడిన ఆ ఆటలో, గెలిచిన రిచీ వైట్ ఒక్కసారి కూడా పేల్చకుండానే జెండాలన్నీ సేకరించాడు. ఈ సంగతి నాకు ఎంతో ఇష్టం, ఎందుకంటే ఈ ఆటలో కాళ్లకూ కళ్లకూ ఉన్న పాత్ర ఏమిటో మొదటి రోజే తేలిపోయింది.

మార్కర్ మీద అమర్చి బంతులు పోసే డబ్బా, అంటే హాపర్, గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. టిప్‌మన్‌కు 200 బంతులు పట్టే మామూలు హాపర్ సరిపోతుంది. ఎమెక్‌కు, చేతిలో డబ్బు ఉంటే, బ్యాటరీతో బంతులను కదిలించే రకం మేలు. బ్యారెల్ మార్చాలన్న తొందర అక్కరలేదు. ఖరీదైన బ్యారెల్ కన్నా బంతికీ బ్యారెల్‌కూ మధ్య పొంతనే ముఖ్యం, దాన్ని మైదానంలోనే చూసుకోవచ్చు: బ్యారెల్‌ను మార్కర్ నుంచి విప్పి, వెనకవైపు ఒక బంతిని వేయండి. అది దానంతట అదే జారి అవతలికి పడిపోతే వదులు. పట్టి నిలిచి, నోటితో మెల్లగా ఊదితే కదిలిపోతే సరైన జోడీ. ఎంత ఊదినా కదలకపోతే బిగువు, ఆ పెయింట్ లోపలే పగిలే అవకాశం ఉంది. ఉక్కపోత రోజుల్లో బంతులు తేమ పీల్చి ఉబ్బుతాయి, ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదిలేస్తే మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. నిరుడు మిగిలిన సంచిని ఈ ఏడాది పోసి మార్కర్ బాగోలేదనడం దానికి అన్యాయం చేయడమే.

బంతి లోపల నలిగితే ఏమవుతుందో కొనేముందే ఎవరిదగ్గరైనా చూడమంటాను. బోల్టు ముందు భాగం నిండా జిగట రంగు, జెలటిన్ పెంకు ముక్కలు, బ్యారెల్ లోపల గీతలుగా మరకలు ఉంటాయి. తరువాతి బంతి ఆ జిగటకు తగిలి వంకరగా పోతుంది. ఆ రంగు నీళ్లలో కరిగేదే కాబట్టి తడిగుడ్డతో పోతుంది, కాని పెంకు ముక్క బంతిని ఆపి ఉంచే చిన్న రబ్బరు మొగ్గ పక్కన ఇరుక్కుంటే విప్పక తప్పదు. ఎమెక్‌లో బోల్టు భాగమంతా వెనక నుంచి బయటికి వచ్చేస్తుంది, ఆటల మధ్య విరామంలోనే శుభ్రం చేసుకోవచ్చు. 98 కస్టమ్‌ను రెండు చెక్కలుగా విప్పడం ఇంటి దగ్గర, చిన్న భాగాలు దొర్లిపోకుండా తెల్లటి తువ్వాలు పరచుకొని చేయవలసిన పని. నూనె విషయంలో మార్కర్ల కోసం అమ్మేదే వాడండి, తలుపు బందులకు కొట్టే స్ప్రేలు ఓ-రింగులను పాడుచేస్తాయి.

పాత మార్కర్ కొనడం తెలివైన పనే, పాత ట్యాంకు కొనేటప్పుడు మాత్రం ముందు దానిమీద ముద్రించిన తేదీ చదవాలి. ఈ పరిమాణం ట్యాంకులకు 5 ఏళ్లకోసారి నీటి ఒత్తిడితో చేసే హైడ్రో పరీక్ష జరగాలి, కార్బన్ ఫైబర్ వాటి ఆయుష్షు మామూలుగా 15 ఏళ్లు. గడువు దాటినవాటిని మైదానంలో నింపరు. ట్యాంకు విప్పేటప్పుడు మార్కర్ నుంచి వాల్వుతో సహా మొత్తం తిరగాలే తప్ప, వాల్వు అక్కడే ఉండిపోయి సిలిండర్ ఒక్కటే తిరగకూడదు. అలా ఊడిన సిలిండర్లు రాకెట్లలా ఎగిరి ప్రాణాలు తీశాయి. వాల్వు మీదా సిలిండర్ మీదా కలిసేలా గోళ్ల రంగుతో ఒక గీత గీసుకుంటే, గీత విడిపోయిన క్షణంలోనే ఆపేసి, తెలిసినవారికి చూపించవచ్చు.

నిజమైన తుపాకుల్లా కనిపించే మ్యాగజైన్ (కింద తగిలించే బంతుల డబ్బా) మార్కర్లను మొదటిదిగా తీసుకోవద్దని మా తమ్ముళ్లందరికీ గట్టిగా చెబుతాను. మ్యాగజైన్లలో కొద్ది బంతులే పడతాయన్నది చిన్న కారణం. అసలు కారణం, అపార్ట్‌మెంట్ పార్కింగులో ఎవరైనా దూరం నుంచి చూసి పోలీసులను పిలిస్తే, వచ్చినవారికి అది ఆట వస్తువని తెలియదు. ఏ మార్కర్ అయినా సరే, బ్యారెల్‌కు కవరు తొడిగి, ట్యాంకు విప్పి, సంచిలో పెట్టి జిప్పు వేసి, మైదానంలోనే బయటికి తీయాలి.

పిల్లల కోసం అడిగే తల్లిదండ్రులకు జవాబు వేరు. పదేళ్ల పిల్లలకు వీటిలో ఏదీ కొనకండి. చాలా మైదానాల్లో 0.50 అంగుళాల బంతులతో, తక్కువ దెబ్బతో ఆడించే ప్రత్యేక ఆటలు ఉంటాయి, మార్కర్ వారే ఇస్తారు. పిల్లల ముఖానికి సరిపోయే చిన్న సైజు థర్మల్ మాస్కు మాత్రం మీరే కొని తీసుకెళ్లండి, పట్టీ బిగించాక గడ్డం కింద వేలు పెట్టి పైకి లాగి, అది ఊడి రావడం లేదని చూసుకొని లోపలికి పంపండి.