అమెరికా కౌంటీ ఆఫీసులో డీడ్ వెతకడం, రికార్డు చేయించడం

కౌంటీ రికార్డర్ (ఆస్తి కాగితాలు నమోదు చేసే ఆఫీసు) దగ్గర చాలాచోట్ల ఇంటి అడ్రసుతో డీడ్ (ఆస్తిని బదిలీ చేసే దస్తావేజు) దొరకదు. ఇండెక్స్ నడిచేది పేర్ల మీద: ఇచ్చినవాళ్లు గ్రాంటర్, పుచ్చుకున్నవాళ్లు గ్రాంటీ. ఇప్పటి యజమానిని గ్రాంటీలో పట్టుకుని, ఆయనకు అమ్మిందెవరో చూసి, వాళ్లను మళ్లీ గ్రాంటీలో వెతుక్కుంటూ వెనక్కి వెళ్లాలి. మన పేర్లతోనే తంటా. ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి, పొడి అక్షరాలతో ఇంకోసారి కొట్టి చూడండి. దొరికాక డాక్యుమెంట్ నంబరు రాసుకోండి. పాతవాటికి బుక్, పేజీ నంబర్లుంటాయి.

కొత్త డీడ్ రాసేటప్పుడు లీగల్ డిస్క్రిప్షన్‌ను (ఆస్తి ఏదో, ఎక్కడుందో చట్టప్రకారం చెప్పే వర్ణనను) పాత డీడ్ నుంచి అక్షరం పొల్లుపోకుండా దించుకోండి. ట్యాక్స్ బిల్లులో ఉండేది కుదించిన ముక్క, దాన్ని నమ్మొద్దు.

కాలిఫోర్నియాలో మొదటి పేజీ పైన రెండున్నర అంగుళాలు వదలాలి: కుడివైపు 5 అంగుళాలు రికార్డర్‌కు, ఎడమవైపు కాగితం తిరిగి పంపాల్సిన చిరునామాకు. యాజమాన్య మార్పు ఫారం జతచేయకపోతే అదనంగా 20 డాలర్లు పడొచ్చు. నోటరీ ముద్ర మసకగా ఉంటే స్కాన్‌లో కనబడదు, కాగితం తిప్పి పంపేస్తారు.

అన్నట్టు, కౌంటర్లో చూసేది కాగితం తీరునే. డీడ్‌లో లాట్ నంబరు (స్థలం నంబరు) తప్పుపడినా అలాగే రికార్డయిపోతుంది.