మా అక్క ఇప్పుడు ఐఎంఏ ప్రెసిడెంట్

నిన్న రాత్రి ఆపరేషన్ థియేటర్ నుంచి బయటికొచ్చి ఫోన్ చూస్తే మెసేజ్: మా గైనకాలజిస్ట్ అక్క ఐఎంఏ (భారత వైద్యుల సంఘం) మా ఊరి శాఖకు అధ్యక్షురాలిగా గెలిచారని. వెంటనే ఫోన్ చేశాను. "ముందు చెప్పవయ్యా, పేషెంట్ ఎలా ఉంది?" అన్నారు.

నేను మత్తు డాక్టర్ని. పదిహేనేళ్లుగా ఆమె సిజేరియన్లకు మత్తిస్తున్నాను. ఒక రాత్రి కాన్పయ్యాక రక్తస్రావం ఆగలేదు. అక్క రెండు చేతులతో గర్భసంచిని నొక్కిపట్టి, నర్సు చేత ఫోన్ చెవి దగ్గర పెట్టించుకుని, ఓ-నెగటివ్ దాతల్ని ఒక్కొక్కరినే నిద్రలేపారు. తెల్లారేసరికి మూడు యూనిట్లు దొరికాయి. ఆ తల్లి బతికింది. నేను ఓటేసింది ఆ రాత్రికే.

కోల్‌కతా ఆసుపత్రిలో జూనియర్ డాక్టర్ హత్యాచార ఘటన తర్వాత 2024 ఆగస్టు 17న ఐఎంఏ పిలుపుతో 24 గంటలు ఓపీలు ఆపాం. ఎమర్జెన్సీ మాత్రం నడవాలి కదా! ఆ రోజు లేబర్ రూమ్ వదలనిది అక్కే.

అక్కా, ఒక్క కోరిక. డాక్టర్లపై దాడులకు వ్యతిరేకంగా 2008లోనే మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. నా దగ్గరికొచ్చే హౌస్ సర్జన్లలో చాలామందికి అదొకటుందనే తెలియదు. డాక్టర్ మీద దాడి జరిగితే ముందు ఎవరికి ఫోన్ చేయాలో ప్రతి క్యాజువాలిటీ గోడ మీదా రాయించండి. మీరు పట్టుకుంటే అవుతుంది.

శనివారం ఏడున్నరకి మన కేసుంది. పూతరేకులు తెస్తున్నాను.