క్రిస్మస్ సెలవుల్లో వైజాగ్: పిల్లలు, పెద్దవాళ్లతో

క్రిస్మస్ వారంలో వైజాగ్ వచ్చేవాళ్లు ముందు క్యాలెండర్ చూసుకోండి. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి సోమవారం సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం 2 గంటలకు గానీ తలుపు తీయరు. పొద్దున్నే వెళ్లి గేటు ముందు నిలబడేవాళ్లు ఏటా కనిపిస్తూనే ఉంటారు.

1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఈ జలాంతర్గామి పొడవు సుమారు 91 మీటర్లు. గదికీ గదికీ మధ్య ఉన్నది తలుపు కాదు, గుండ్రటి కంత. ముందు ఒక కాలు లోపల పెట్టి, తల వంచి, నడుం తిప్పి, తర్వాత రెండో కాలు లాక్కోవాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలకు నరకమే. దారి ఇరుకు, వెనక జనం తోసుకొస్తుంటారు, మధ్యలో వెనక్కి తిరగడం కుదరదు. చంకలో పిల్లాడుంటే వాడి తలకి చెయ్యి అడ్డం పెట్టండి. పెద్దవాళ్లకు ఎదురుగా మ్యూజియంగా మార్చిన నౌకాదళ విమానం టీయూ-142 నయం.

సూర్యాస్తమయం కోసం బీచ్‌కి వెళ్లకండి. మన సముద్రం తూర్పున ఉంది, ఉదయం ఆరింటికల్లా చేరాలి. అలలు లోపలికి లాగేస్తాయి, ఆర్కే బీచ్‌లో పాదాలు తడిస్తే చాలు.

క్రిస్మస్ వాతావరణం కావాలంటే పాతపోర్టు దగ్గర రాస్ హిల్ ఎక్కండి. కొండ మీద మేరీమాత చర్చి, పక్క కొండల మీద వెంకన్న గుడి, దర్గా, కింద ఓడలు.

అరకు రైల్లో అద్దాల పెట్టె కావాలా? రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు. డిసెంబర్‌లో వెతికితే వెయిటింగ్ లిస్టే. స్వెట్టర్లు మాత్రం మర్చిపోకండి.